పొగమంచు పండించే ద్రాక్ష: సోనోమా, మెండొసీనో తీరం నుంచి లేఖలు

మొదటి లేఖ
బొడేగా బే, కాలిఫోర్నియా

పూజ్యులైన మామయ్యగారికి,

శాన్‌ఫ్రాన్సిస్కోకు ఉత్తరంగా సుమారు 110 కిలోమీటర్ల దూరంలో, ఒకటో నంబరు రాష్ట్ర రహదారి మీద బొడేగా బే అనే చేపల రేవు ఉంది. దాని పక్కనే సోనోమా తీర స్టేట్ పార్కులోని ఇసుక దిబ్బల నడుమ మా యాత్రాబృందం తొలి గుడారం వేసింది. నడివేసవిలో, కొండల ఆవలి లోయలు ఎండకు మాడుతున్న సమయంలో సైతం ఈ దిబ్బల మీద స్వెట్టరు విప్పడానికి వీలుండదు. వసంతం నుంచి వేసవి చివరిదాకా వాయవ్యం నుంచి వీచే గాలులు తీరం వెంబడి పైనీటిని కదిలిస్తాయి. భూభ్రమణ ప్రభావం వల్ల ఆ నీరు తీరానికి దూరంగా జరిగిపోతుంది. ఆ ఖాళీని పూరించడానికి సముద్రగర్భం నుంచి చల్లని నీరు పైకి వస్తుంది. ఈ చల్లని నీటిమీదుగా వచ్చే తేమగాలి పొగమంచుగా మారి, లోపలి నేల వేడెక్కి గాలి పైకి లేచినకొద్దీ, కొండల మధ్య సందుల గుండా లోనికి లాగబడుతుంది.

పెటలూమా గ్యాప్ అనే సందు అటువంటిదే. దానికి 2017లో ప్రత్యేక ద్రాక్షసీమగా గుర్తింపు లభించింది. ద్రాక్షసీమ అంటే నేల, వాతావరణం ఒక తీరుగా ఉన్నాయని ఫెడరల్ ప్రభుత్వం హద్దులు గీసి గుర్తించిన ప్రాంతం. సీసా మీద ఆ పేరు వేయాలంటే అందులోని ద్రాక్షలో కనీసం 85 శాతం అక్కడే పండి ఉండాలి. గాలి వీచే దారికి హద్దు గీసి దానికొక పేరు పెట్టడం విచిత్రంగా తోచవచ్చు గానీ, గుడారపు గుడ్డ రాత్రంతా కొట్టుకుంటూ ఉంటే ఆ గుర్తింపు ఎంత సబబో తెలుస్తుంది.

రెండవ లేఖ
ఫోర్ట్ రాస్ సమీపం

రష్యన్ నది సముద్రంలో కలిసే జెన్నర్ గ్రామం దాటాక రహదారి కొండ అంచున మెలికలు తిరుగుతూ పైకి వెళ్తుంది. అక్కడికి కొద్ది దూరంలో ఉన్న కొయ్యకోట ఫోర్ట్ రాస్‌ను 1812లో రష్యన్-అమెరికన్ కంపెనీ, అంటే అలాస్కాలో బొచ్చు వ్యాపారం చేసిన రష్యా సంస్థ, నెలకొల్పింది. సముద్రపు నీటికుక్కలను (సీ ఓటర్) వేటాడడం, అలాస్కా స్థావరాలకు ఆహారం పండించి పంపడం దాని ఉద్దేశాలు. ఆ నేల అంతకు ముందునుంచీ కషాయా పోమో ప్రజలది. వారు ఆ చోటును మెటీని అంటారు. కోటలోని పొలం పనుల్లో వారి శ్రమ ఎంతో ఉంది. ద్రాక్షసీమ చరిత్ర రాసేవారు తొలి తీగను తెచ్చిన నౌకాధికారిని తలచుకున్నంతగా ఈ ప్రజలను తలచుకోకపోవడం అన్యాయం. ఆ తొలి తీగ 1817లో పెరూ నుంచి ఇక్కడికి చేరింది.

కోట వ్యవసాయం మాత్రం నిలబడలేదు. గోధుమ పంటను దెబ్బతీసిన కారణాల్లో పొగమంచు ఒకటి. వేట కూడా తగ్గిపోయాక 1841లో రష్యన్లు ఆస్తిని జాన్ సట్టర్ అనే భూస్వామికి అమ్మి వెళ్లిపోయారు. నాడు గోధుమను చెడగొట్టిన పొగమంచే నేడు ఈ సీమకు పేరు తెచ్చిపెడుతున్నది. తీరంలో పొగమంచు ఒక ఎత్తు వరకే పేరుకుంటుంది. దాని మీద వెచ్చని గాలి పొర మూతలా పరుచుకుని ఉండడంతో అంతకు మించి లేవజాలదు. కోట వెనుక కొండల్లో సుమారు 920 అడుగులకు పైనున్న తోటలు ఆ మంచుకు పైన, ఎండలో ఉంటాయి. అయినా కింది సముద్రపు చల్లదనం వాటిని తాకుతూనే ఉంటుంది. ఫోర్ట్ రాస్-సీవ్యూ ద్రాక్షసీమను 2012లో ప్రధానంగా ఈ ఎత్తు ఆధారంగానే గుర్తించారు. పల్చని తోలు, తొందరగా పండే గుణం ఉన్న పీనో న్వార్ అనే నల్లద్రాక్ష మితిమీరిన వేడిలో తన పులుపును పోగొట్టుకుంటుంది. చల్లని చోట నిదానంగా పండితే తీపితోపాటు పులుపూ నిలుస్తుంది, వైన్‌కు ప్రాణం ఆ పులుపే.

మూడవ లేఖ
ఫిలో, ఆండర్సన్ లోయ

128వ నంబరు రహదారి మీద నవారో నది వెంట సముద్రతీరం నుంచి లోపలికి వచ్చేవారు సుమారు 18 కిలోమీటర్లు రెడ్‌వుడ్ చెట్ల నీడలోనే ప్రయాణిస్తారు. వేసవిలో వాన దాదాపు లేని ఈ నేలలో ఆ మహావృక్షాలు తమకు కావలసిన నీటిలో గణనీయమైన భాగాన్ని పొగమంచు నుంచే గ్రహిస్తాయి: ఆకులకు పట్టిన తేమ కొంత ఆకుల్లోకే ఇంకుతుంది, కొంత చినుకులుగా రాలి వేళ్లకు చేరుతుంది. హెండీ వుడ్స్ స్టేట్ పార్కు గుడారాలు ఆ చెట్లకు చేరువలో ఉన్నాయి. పార్కు దాటితే ద్రాక్షతోటలే. 1983లో ద్రాక్షసీమగా గుర్తింపు పొందిన ఈ లోయ వాయవ్యంగా సముద్రం వైపు తెరుచుకుని ఉండడంతో, నవారో వైపు చివర చల్లగానూ, లోపలి బూన్‌విల్ వైపు వెచ్చగానూ ఉంటుంది. ఫ్రాన్సులోని షాంపేన్‌కు చెందిన లూయీ రోదరే సంస్థ 1982లో తన అమెరికా తోటకు ఈ లోయను ఎంచుకున్నది. నురగ వైన్‌కు పులుపు ఎక్కువగా ఉన్న కాయ కావాలి. ఒకసారి పులిసిన వైన్‌ను సీసాలో మళ్లీ పులియబెట్టి, పుట్టిన వాయువును బయటకు పోనీయకుండా బంధించడం దాని పద్ధతి.

హైదరాబాదు చుట్టుపక్కల అనాబ్-ఏ-షాహి ద్రాక్ష పందిళ్లను ఎరిగిన మామయ్యగారికి ఇక్కడి తోటల్లో మొదట కొట్టొచ్చినట్టు కనిపించేది పందిరి లేకపోవడమే. ద్రాక్షతీగలు నడుమెత్తు ఇనుప తీగల వెంబడి వరుసలు కట్టి ఉంటాయి. మన వైపు చలి చాలక తీగ నిద్రపోదు కనుక వేసవిలో ఒకసారి, అక్టోబరు ప్రాంతంలో ఒకసారి కత్తిరించి ఒక్క పంట తీస్తారు. ఇక్కడ శీతాకాలంలో ఆకు రాలి తీగ తానే విశ్రమిస్తుంది, ఒక్క కత్తిరింపు చాలు. మన పంట ఎండలు ముదిరేలోగా చేతికి వస్తే, ఇక్కడ నురగ వైన్ కాయను ఆగస్టులోనూ, తక్కిన పీనో న్వార్‌ను సెప్టెంబరు ప్రాంతంలోనూ కోస్తారు.

మధ్యాహ్నం టేస్టింగ్ రూములో నిలబడి నాలుగు గుక్కలు రుచి చూసి సాయంత్రానికి తిరిగిపోయేవారికి ఈ సీమ సగమే తెలుస్తుంది. పొద్దుగూకాక లోయలోకి దిగే మంచు, తెల్లవారి పదింటికి గాని తొలగని చలి, ఇవే ఇక్కడి కాయకు రుచిని ఇస్తాయి. వాటిని ఎరగాలంటే ఇక్కడే ఆరుబయట పడుకోవాలి. శాన్‌హోసే, ఫ్రీమాంట్ ప్రాంతాల్లో స్థిరపడిన మన కుటుంబాలు అనేకం ఈ లోయకు కొద్ది గంటల దూరంలోనే ఉన్నాయి కనుక వారికి ఈ మాటలు చేరవేయవలసిందిగా మనవి: స్టేట్ పార్కుల్లో చోటు ఆరు నెలల ముందే రిజర్వు చేసుకోవచ్చు, వేసవి వారాంతాలు త్వరగా నిండిపోతాయి. ఓక్ చెట్లను చంపే తెగులు సోనోమా, మెండొసీనో జిల్లాల్లో ఉన్నందున కట్టెలు ఇంటి నుంచి తేకుండా, ఇక్కడి నుంచి పట్టుకుపోకుండా, కాల్చే చోటే కొనాలి. కారు నడిపేవారు రుచి చూడడం మానుకోవాలి; మూత తీసిన సీసాను డిక్కీలోనే పెట్టాలి, కారులో మనుషులు కూర్చునే భాగంలో ఉంచుకోవడం రాష్ట్ర చట్టం ప్రకారం నేరం.