ఓ కన్నేసి ఉంచడం

చాణక్యుడి పేరు మీద చెలామణీలో ఉన్న నీతిశ్లోకాల్లో ఒకటుంది. చేప తన పిల్లల్ని చూపుతో పెంచుతుందట, తాబేలు తలపుతో, పక్షి స్పర్శతో. మంచివాళ్ళ సాంగత్యమూ అలాగే మనిషిని కాపాడుతుందని తాత్పర్యం. మీనాక్షి అన్న పేరుకి కూడా ఈ చేపచూపుతోనే అర్థం చెప్తారు. అందమైన ఊహే. చిక్కల్లా, మా ఇంట్లో చేపలకి ఈ శ్లోకం తెలియదు. అవి గుడ్లు పెట్టిన కాసేపటికే వెనక్కొచ్చి వాటిని తినేస్తాయి.

మావి కోరిడొరాస్ అనే బుల్లి క్యాట్‌ఫిష్‌లు. మన జెల్లలకీ వాలుగలకీ దూరపు చుట్టాలు, సొంతూరు దక్షిణ అమెరికా. రెండున్నర అంగుళాలకి మించవు. పొద్దస్తమానం మీసాలతో ఇసుక వెతుక్కుంటూ ఉంటాయి. ఉన్నట్టుండి పైకి దూసుకొచ్చి ఓ గుక్క గాలి మింగి మళ్ళీ కిందికెళ్తాయి. ఆ గాలిలో ఆక్సిజన్‌ని పేగుతో పీల్చుకుంటాయి. కూకట్‌పల్లిలో మా ఫ్లాట్‌లో ఇవి ఆరు, మూడేళ్ళుగా ఉన్నాయి.

పోయిన జూలైలో ముసురు పట్టిన రోజున ట్యాంకులో సగం నీళ్ళు మార్చాను. కొత్త నీళ్ళు కాస్త చల్లగా ఉన్నాయి. వాటి లెక్కలో అది వానాకాలం. మర్నాడు పొద్దున్నకి అద్దం మీద గుడ్లు పెట్టడం మొదలైంది. ఆడచేప మగదాని పొట్టకి నోరు ఆనించి కాసేపు నిలబడుతుంది. తర్వాత పొట్ట కింది రెక్కల్ని దోసిలిలా చేసి, అందులో నాలుగైదు గుడ్లు పట్టుకుని, అద్దం తుడుచుకుంటూ వెళ్ళి అంటిస్తుంది. ఆ నోరు ఆనించడం దేనికో 1995లో జపాన్ పరిశోధకులు తేల్చారు. ఆడచేప వీర్యాన్ని తాగుతుంది. అది పేగు గుండా వేగంగా ప్రయాణించి దోసిట్లో ఉన్న గుడ్లని చేరుతుంది. ఇంత శ్రమపడి, ఇంత జాగ్రత్తగా అంటించిన గుడ్లని ఆ సాయంత్రమే ఫలహారం చేసే ప్రాణిని ఏ శ్లోకంలో పెట్టాలో నాకు తెలీదు.

పాత డెబిట్ కార్డుతో గుడ్లని మెల్లగా గీకి తీశాను. 112 వచ్చాయి. వేరే చిన్న ట్యాంకులో గాలి బుడగల దగ్గర పెట్టి, మా వీధి బాదం చెట్టుది ఎండిన ఆకొకటి కడిగి వేశాను. మా చిన్నప్పుడు హోటల్లో ఇడ్లీ కట్టిచ్చిన ఆకే ఇది. నానితే నీళ్ళు పల్చటి టీ రంగుకి తిరుగుతాయి. గుడ్లకి బూజు పట్టకుండా చేపలు పెంచేవాళ్ళు ఎప్పట్నుంచో దీన్ని వాడుతున్నారు. రెండో రోజుకి కొన్ని గుడ్లు తేనె రంగుకి వచ్చాయి, కొన్ని సున్నంలా తెల్లబడ్డాయి. తెల్లబడ్డవి పిల్లలు కావు. వాటిని అక్కడే ఉంచితే బూజు పక్కవాటికి పాకుతుంది. ఒక్కొక్కటీ ఏరి పారేశాను. నాలుగో రోజు రాత్రి 61 పిల్లలు బయటికొచ్చాయి.

పిల్లలంటే కనురెప్ప వెంట్రుకంత. తల, తోక, మధ్యలో పసుపుపచ్చటి సొన సంచి. రెండు మూడు రోజులు ఆ సంచే వాటి సద్దిమూట. అది అయిపోయేసరికి మేత సిద్ధంగా ఉండాలి, అదీ కదిలే మేత అయితే మరీ మంచిది. అందుకే ఆర్టీమియా. ఉప్పునీటి సరస్సుల్లో పుట్టే ఈ బుల్లి రొయ్యల గుడ్లు ఎండి, ఏళ్ళ తరబడి డబ్బాలో ఇసుకలా పడి ఉంటాయి. ఉప్పునీళ్ళలో వేసి గాలి కొడితే ఒక రోజులో ప్రాణం పోసుకుంటాయి. మన కోస్తాలో రొయ్యల హేచరీలు నడిచేది చాలావరకు ఈ డబ్బాల మీదే. నా హేచరీ, తలకిందులుగా వేలాడదీసిన రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా. పక్కన ఫోన్ టార్చ్ వేస్తే పొదిగిన రొయ్యపిల్లలన్నీ వెలుగు వైపు చేరతాయి, పెంకులు పైకి తేలిపోతాయి. సిరంజితో లాగి, మంచినీళ్ళలో కడిగి వెయ్యడమే.

నేను నిజంగా పని నేర్చుకుంది ఇక్కడ. ఉద్యోగంలో నా పని సర్వర్లు పడిపోతే ముందే కనిపెట్టే అలర్టులు రాయడం. అలవాటు కొద్దీ ట్యాంకులో కూడా ఉష్ణోగ్రత కొలిచే సెన్సర్ పెట్టాను. అది ఆరు వారాలూ 26 డిగ్రీలే చూపించింది. అమ్మోనియా టెస్ట్ కూడా సున్నానే. మధ్యలో పిల్లలు చచ్చిపోతూనే ఉన్నాయి, ఒక రోజు రెండు, ఒక రోజు అయిదు. ఎందుకో ఏ అంకే చెప్పలేదు. చెప్పింది పిల్లలే. మేత తిన్నదాని పొట్ట నారింజ రంగులో మెరుస్తుంది. తినని దానిది గాజులా ఉంటుంది. నీడ పడితే బాగున్నది చటుక్కున జరుగుతుంది, బాగోలేనిది అలాగే ఉండిపోతుంది. బాగున్నవి గుంపుగా ఆకు కింద పడుకుంటాయి, నలతగా ఉన్నది ఒంటరిగా మూలకి చేరుతుంది. ఇదంతా కనిపించాలంటే రోజూ రెండుపూటలా ట్యాంకు ముందు మోకాళ్ళ మీద కూర్చోవాలి. మిగిలిన మేత అడుగున కుళ్ళుతోందనీ, అది కుళ్ళిన మూలనే పిల్లలు పోతున్నాయనీ అలా కూర్చున్నప్పుడే పట్టుకున్నాను. సెలైన్ ట్యూబుతో అడుగంతా లాగెయ్యడం మొదలుపెట్టాక చావులు బాగా తగ్గాయి.

ఈ సంగతి అమ్మ ద్వారా మావయ్యకి చేరింది. ఆయనకి కైకలూరు దగ్గర చేపల చెరువులున్నాయి. ఆయన భాషలో పిల్లలుండవు, సీడ్ ఉంటుంది. సీడ్‌కి వేలల్లో, లక్షల్లో లెక్క. ఫోన్ చేసి ముందు అడిగిన మాట, "ఏరా, ఎన్ని నిలబడ్డాయ్?"

"అరవై ఒకటికి నలభై రెండు మావయ్యా."

"ఓర్నీ. ఫర్వాలేదు, బానే తీశావ్."

ఆ "ఎన్ని నిలబడ్డాయ్" నేను అంతకుముందు వేరే చోట విన్నాను. 2006లో విజయవాడ పక్కన ఒక రెసిడెన్షియల్ కాలేజీలో ఇంటర్ చేరాను. వారం వారం పరీక్షలు, మార్కుల్ని బట్టి సెక్షన్లు. రాత్రి పదిన్నరకి వార్డెన్ వచ్చి తలలు లెక్కపెట్టి, రిజిస్టర్‌తో టాలీ అయితే లైటు తీసేవాడు. నా పక్క మంచం వాడు మెస్‌కి రావడం మానేసిన రోజుల్లో కూడా లెక్క సరిపోయేది. వాడు మంచం మీదే ఉన్నాడు కాబట్టి. నేనూ ఇంకొకడూ వెళ్ళి చెప్తే, టెస్టులో వీడి మార్కులు తగ్గలేదుగా అన్నారు. మూడు వారాల తర్వాత వాళ్ళ నాన్నగారు వచ్చి ట్రంకు పెట్టె తీసుకుని వాణ్ణి ఇంటికి తీసుకుపోయారు. ఆ సాయంత్రమే ఆ మంచంలోకి ఇంకో కుర్రాడు వచ్చాడు, లెక్క మళ్ళీ సరిపోయింది. వాడు ఇప్పుడు బానే ఉన్నాడు, ఇద్దరు పిల్లలు. ఏడాది చివర్న వచ్చిన హోర్డింగు మీద పదిహేను ఫొటోలున్నాయి. ఎంతమందికి పదిహేను అని ఎవరూ అడగలేదు. అడిగినా, అంతమందిని ఒక్కొక్కర్నీ ఎవరు చూస్తారండీ అనే జవాబు వచ్చేది.

చాలా ఏళ్ళు ఆ జవాబు సమంజసమే అనుకున్నాను. 61 అయితే చూడగలం, వేలల్లో ఉంటే ఎలా చూస్తాం? కానీ మావయ్యతో మాటల్లో ఒక విషయం బయటపడింది. అరవై దాటిన ఈ మనిషి ఇప్పటికీ తెల్లవారుజామున నాలుగింటికి టార్చిలైటు పట్టుకుని చెరువు గట్టు మీదికి వెళ్తాడు. ఆ వేళకి నీళ్ళలో ఆక్సిజన్ బాగా తగ్గి ఉంటుంది. చేపలు తేలి నోళ్ళు తెరుస్తున్నాయా, ఏ మూల తేలుతున్నాయి, మేత ముట్టుకున్నాయా అని చూస్తాడు. యంత్రాలున్నాయిగా అన్నాను. "యంత్రం నీళ్ళని కొలుస్తది. చేపని నువ్వే చూడాల" అన్నాడు. లక్షల్లో సీడ్ వేసినవాడు, అమ్ముకోవడానికే పెంచేవాడు, చివరికి చూపు మీదే ఆధారపడ్డాడు. చూడలేకపోవడానికి సంఖ్య ఒక్కటే కారణం కాదని అప్పుడు అర్థమైంది.

ఇంతకీ ఆ శ్లోకం మరీ అబద్ధమేమీ కాదు. రాసినాయన ఏ కుంటలోనో కొర్రమీనుని చూసి ఉంటాడు. ఎర్రటి పిల్లల గుంపు నీటిపైన కదులుతుంటే, కింద తల్లీతండ్రీ కాపలా తిరుగుతాయి. ముట్టుకోవు, ఎత్తుకోవు. చూస్తుంటాయి, ఏదైనా దగ్గరికొస్తే మీద పడతాయి. ఆ రెండోది శ్లోకంలోకి ఎక్కలేదు. చూడటంలో సగం పని అదే.

ఆరు వారాలకి 38 మిగిలాయి. అచ్చం పెద్దవాటిలాగే, వేలి గోరంత, పైకొచ్చి గాలి మింగడం కూడా వచ్చేసింది. పన్నెండు ఉంచుకుని మిగతావి ఇద్దరు స్నేహితులకి పంచాను. ఇచ్చేముందు మావయ్యకి వాట్సాప్‌లో ఫొటో పెట్టాను. సైజూ రేటూ అడుగుతాడనుకున్నా. రెండు నిమిషాల్లో వాయిస్ మెసేజ్ వచ్చింది.

"ఫొటోలో ఏం తెలుస్తదిరా. వీడియో పెట్టు, ఈత చూడాల."