హఫీత్ కొండ కింద

అబుదాబి నుంచి సుమారు 160 కిలోమీటర్లు పోతే అల్ ఐన్. ఊరి పక్కనే జబల్ హఫీత్. ఆ కొండ పాదాన బోర్లించిన గంపల్లాంటి రాతి సమాధులున్నాయి. వయసు 5,000 ఏళ్ళ పైమాటే. యునెస్కో 2011లో వీటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

“చచ్చిపోయాక ఏమవుతామని వీళ్ళనుకున్నారు?” అని అడిగింది మా అమ్మాయి. వైద్యవృత్తిలో మరణాన్ని చూస్తూనే ఉన్నా మా దగ్గర జవాబు లేదు. కాని రోగి దగ్గర పాటించే పద్ధతి ఇక్కడా పనికొచ్చింది. కంటికి కనిపించేది జ్వరం. దాని కారణం మొదట మన ఊహే. రెంటినీ కలపకూడదు.

ఈ సమాధుల్లో మెసపొటేమియా కుండలు దొరికాయి. అక్కడితో సంబంధాలుండేవనడానికి అవి సాక్ష్యం. ఇక్కడ పడుకున్నవారు అక్కడివారే అనడానికి కాదు. తమవారిని శ్రద్ధగా సమాధి చేశారన్నది కనిపిస్తూనే ఉంది. పరలోకాన్ని నమ్మారన్నది మన ఊహ.

మన తెలంగాణలోనూ ప్రాచీనుల పెద్దరాళ్ళ సమాధులున్నాయి. జనం వాటిని రాకాసి గుళ్ళంటారు. రాళ్ళు పెద్దవైనంత మాత్రాన కట్టినవారు రాక్షసులవుతారా?

అమ్మాయికి “తెలియదమ్మా” అన్నాము. తెలిసినంత మటుకు చూపించాము.

చలికాలంలో పిల్లలతో వెళ్ళి చూడండి. మంచినీళ్ళు వెంట ఉంచుకోండి. వాళ్ళడిగే ప్రశ్నలకు మాత్రం తొందరపడి జవాబు చెప్పకండి.