తోమితే విలువ తగ్గే వెండి డాలరు!

బయట నుంచి చూస్తే పాతకాలపు కచేరీలా ఉంటుందా రాతి భవనం. కానీ ఒకప్పుడు అక్కడ డాలర్లు పుట్టేవి! అమెరికాలోని నెవాడా రాష్ట్ర రాజధాని కార్సన్‌ సిటీలో ఉన్న ఆ పాత టంకశాలంటే నాణేల సేకరణకర్తలకు పుణ్యక్షేత్రంతో సమానం.

రెనో నగరానికి దక్షిణంగా సుమారు యాభై కిలోమీటర్ల దూరంలో, సియెర్రా నెవాడా పర్వతాల పక్కన ఉందీ ఊరు. దగ్గర్లోని వర్జీనియా సిటీ కొండల్లో 1859లో కామ్‌స్టాక్‌ వెండి నిక్షేపాలు బయటపడ్డాయి. ఆ వెండిని పర్వతాలు దాటించి శాన్‌ఫ్రాన్సిస్కోకు చేర్చడం పెద్ద ఖర్చు, పైగా దోపిడీల భయం. అందుకే గనులకు దగ్గర్లోనే టంకశాల కట్టారు. 1870లో ముద్రణ మొదలైంది. 1885లో ఆగి, 1889లో మళ్లీ మొదలై, 1893తో ముగిసిపోయింది. 1941లో ఆ భవనం నెవాడా స్టేట్‌ మ్యూజియంగా మారింది. నాటి ఒకటో నంబరు ముద్రణ యంత్రం నేటికీ అక్కడ భద్రంగా ఉంది.

ఇక్కడి నాణేల గుర్తు ‘సిసి’. మోర్గాన్‌ డాలరును తిరగేస్తే గద్ద బొమ్మ, దాని కింద ఆకుల దండ, ఆ దిగువన రెండు బుల్లి అక్షరాలు కనిపిస్తాయి. బరువు 26.73 గ్రాములు. అందులో తొంభై శాతం వెండే.

తక్కువ ముద్రిస్తే ఖరీదెక్కువ అనుకుంటాం కదా! ఇక్కడ లెక్క వేరు. 1885లో ముద్రించిన సిసి డాలర్లు 2.28 లక్షలు. 1889లో 3.5 లక్షలు. అయినా మెరుపు తగ్గని 1889 నాణెం దొరకడమే కష్టం, ధరా చాలా ఎక్కువ. కారణం... 1885 నాణేల్లో సగానికి పైగా ట్రెజరీ ఖజానాలో సంచుల్లోనే ఉండిపోయాయి. 1972 నుంచి 1980 వరకు ప్రభుత్వం వాటిని జనానికి అమ్మింది. 1889 నాణేలకు ఆ అదృష్టం దక్కలేదు.

ఇక గ్రేడింగ్‌. 1949లో విలియం షెల్డన్‌ రూపొందించిన పద్ధతి ఆధారంగా 1 నుంచి 70 వరకు మార్కులేస్తారు. 60, ఆపైన వస్తే అది చేతులు మారని నాణెం. చెవి పైనున్న జుట్టు, గద్ద రొమ్ము మీది ఈకలు... ముందుగా అరిగేవి ఇవే. అందుకే నిపుణులు భూతద్దంతో మొదట అక్కడే చూస్తారు. నాణేన్ని దీపం కింద అటూ ఇటూ వంచితే వెలుగు బండిచక్రంలా తిరగాలి. వెయ్యేసి నాణేలు నింపిన సంచుల్లో ఒకదానికొకటి ఒరుసుకోవడంతో చెంప మీద గీతలు పడతాయి. అవెంత తక్కువుంటే అన్ని మార్కులు. పొరపాటున పొడి వేసి తోమారో... ఆ సహజమైన మెరుపు ఇక తిరిగి రాదు. నాణెం తళతళలాడుతుంది కానీ, ధర పడిపోతుంది!

ఈ కథలో మనకూ భాగముంది. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో భారత్‌లో రూపాయలకు వెండి కరవైంది. నోట్లిచ్చి వెండి రూపాయలు అడిగేవారికి సమాధానం చెప్పలేక బ్రిటిష్‌ ప్రభుత్వం అమెరికాను ఆశ్రయించింది. 1918లో వచ్చిన పిట్‌మన్‌ చట్టం కింద అమెరికా 27 కోట్లకు పైగా వెండి డాలర్లను కరిగించింది. అందులో అత్యధిక భాగం ఓడలెక్కి భారతదేశం చేరింది, ఐదో జార్జి బొమ్మతో రూపాయలుగా మారింది.

మన ఇళ్లలో నానమ్మల పెట్టెల్లోనో, లక్ష్మీపూజ పళ్లెంలోనో ఉన్న ఆనాటి రూపాయిలో కామ్‌స్టాక్‌ కొండల వెండి ఉన్నా ఉండొచ్చు. కాబట్టి ఈసారి పండక్కి దాన్ని బయటికి తీస్తే అంచులు పట్టుకుని చూడండి, మెత్తటి గుడ్డలో చుట్టి దాచండి. విభూతితో మాత్రం తోమకండి!