కాసిడీహ్‌లో ఒక కొండబడి

జంషెడ్‌పూర్ అనగానే మనవంటి కర్మాగార ఉద్యోగులకు మొదట గుర్తుకు వచ్చేది ఉక్కు. 1912 ఫిబ్రవరి 16న అక్కడ తొలి ఉక్కు దిమ్మె తయారైనది. 1919లో సాక్చీ గ్రామానికి జంషెడ్‌పూర్ అనీ, కాళీమాటీ రైల్వేస్టేషనుకు టాటానగర్ అనీ పేర్లు మారినవి. ఉపాధిని వెతుక్కుంటూ శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుండి వెళ్ళిన తెలుగు కుటుంబాలు అక్కడ తరతరాలుగా స్థిరపడి ఉన్నవి. బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం వారి ఉనికికి చక్కని గుర్తు. కొలిమిని, క్వార్టర్లను, రామాలయాన్ని చూసి తిరిగి రావచ్చునని బయలుదేరిన మమ్మల్ని అన్నిటికంటే ఎక్కువగా ఆలోచింపజేసినది మాత్రం కాసిడీహ్‌లోని ఒక బడి.

కాసిడీహ్ సాక్చీ బజారుకు ఆనుకొని ఉన్న పాతపేట. దుర్గాపూజ రోజులలో ఇక్కడి మంటపాన్ని చూడడానికి పట్టణమంతా తరలివస్తుంది. తక్కిన రోజులలో అది ఇళ్ళు, చిన్న దుకాణాలు, సైకిళ్ళతో నిండిన సాధారణమైన పేట. దానికి చేరువలోనే జె.ఆర్.డి. టాటా క్రీడా ప్రాంగణం, అందులో టాటా స్టీల్ అడ్వెంచర్ ఫౌండేషన్ ఉన్నవి. లాభాపేక్ష లేని ఈ సంస్థ 1984లో ఆరంభమైనది. గోడల మధ్య నేర్వలేని కొన్ని పాఠాలను కొండ, నది, అడవి ద్వారా మనిషికి నేర్పించడమే దాని ఆశయమని చెప్పవచ్చును.

1984 మే 15 అర్ధరాత్రి దాటిన వేళ ఎవరెస్టు మూడవ శిబిరంపై మంచుచరియ విరిగిపడి గుడారాలు కప్పబడిపోయినవి. దెబ్బలు తిన్న పలువురు క్రిందికి దిగిపోయినారు. తలకు దెబ్బ తగిలిన బచేంద్రీ పాల్ మాత్రం అక్కడే నిలిచి, మే 23న శిఖరాన్ని చేరుకొని, ఎవరెస్టు ఎక్కిన తొలి భారత మహిళ అయినారు. గఢ్వాల్ కొండలలోని నాకురీ గ్రామంలో పుట్టిన ఆమెను టాటా స్టీల్ ఉద్యోగంలోకి ఆహ్వానించి, ఈ సంస్థ బాధ్యతను అప్పగించినది. 2019లో పదవీ విరమణ పొందేవరకు ఆమె దానిని నడిపించినారు. 1994లో 18 మంది స్త్రీలు ఆమె నాయకత్వాన హరిద్వారం నుండి కలకత్తా వరకు గంగానదిపై 39 రోజులు తెప్పలలో ప్రయాణించినారు. 1997లో 8 మంది స్త్రీల బృందం అరుణాచల్ నుండి సియాచిన్ వరకు 225 రోజులు హిమాలయాల వెంట నడిచినది.

ఇటువంటి విద్య వెనుక ఒక పాత కథ ఉన్నది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ఓడలు మునిగినప్పుడు, బలవంతులైన యువనావికుల కంటె వయసు మీరిన నావికులే ఎక్కువగా బ్రతికి బయటపడుతున్నారని లారెన్స్ హోల్ట్ అనే ఓడల వ్యాపారి గమనించినాడు. కండబలం కాదు, కష్టాన్ని ఓర్చుకొనే అనుభవం వారిని కాపాడుతున్నదని ఆయన భావించినాడు. జర్మనీ నుండి వచ్చిన విద్యావేత్త కర్ట్ హాన్‌తో కలిసి 1941లో వేల్స్‌లోని అబర్‌డవీ వద్ద ఒక బడి తెరిపించినాడు. అదే ‘ఔట్‌వర్డ్ బౌండ్’. లోకంలోని ఆరుబయలు విద్యాసంస్థలు అనేకం ఆ బడి చూపిన బాటలో నడిచినవే.

ప్రాంగణంలో మేము చూసిన ఎత్తైన కృత్రిమ గోడకు రంగురంగుల పట్టుకొమ్మలు బిగించి ఉన్నవి. పిల్లవాడు గోడ ఎక్కడానికి ముందు తన నడుముకు కట్టిన తాడు ముడిని తానే చూసుకొన్నాడు. క్రింద తాడు పట్టుకొనే జతగాడు దానిని మళ్ళీ చూసినాడు. ఆ తరువాత జతగాడి పరికరాన్ని పిల్లవాడు పరీక్షించినాడు. ఇద్దరూ సరే అనుకొన్న పిమ్మటనే మొదటి అడుగు పడినది. కర్మాగారంలో పర్మిట్ కాగితంపై రెండు సంతకాలు లేనిదే యంత్రం మీద చేయి వేయని మనకు ఈ పద్ధతి కొత్త కాదు. అయితే మనము ఉద్యోగంలో చేరిన తరువాత నేర్చుకొన్నదానిని ఆ పిల్లలు పదేళ్ళకే నేర్చుకొంటున్నారు. ఎదుటివాని ప్రాణం తన చేతిలో ఉన్నదని తెలిసిన పిల్లవానికి క్రమశిక్షణ గురించి వేరుగా ఉపన్యాసం అవసరం లేదు.

మేము బస చేసిన తెలుగువారి ఇంట ఈ మాట చెప్పగా, ఆ ఇంటి పెద్దావిడ ఒకే ప్రశ్న వేసినారు: “అంతా బాగానే ఉంది బాబూ, కొండ మీద బిడ్డకేమైనా అయితే పూచీ ఎవరిది?” తేలికగా త్రోసిపుచ్చదగిన ప్రశ్న కాదది. విజయనగరం జిల్లా కోరుకొండ సైనిక పాఠశాలలో చదివిన ఉదయభాస్కరరావు 1985లో ఎవరెస్టుపై మరణించినారు. ఆయన విగ్రహాన్ని చూసి స్ఫూర్తి పొందిన అదే పాఠశాల విద్యార్థి, నెల్లూరు జిల్లా బిడ్డ మల్లి మస్తాన్‌బాబు 2006లో ఏడు ఖండాల శిఖరాలను 172 రోజులలో ఎక్కి, 2015లో ఆండీస్ పర్వతాలలో అసువులు బాసినారు. కొండ ఎవరినీ లాలించదు. కనుకనే వెనుదిరగడం కూడా ఈ విద్యలో ముఖ్యపాఠం. ఇదే సంస్థలోని శిక్షకురాలు అస్మితా దోర్జీ 2022లో కృత్రిమ ప్రాణవాయువు లేకుండా ఎవరెస్టు ఎక్కబోయి, శిఖరం మరికొద్ది దూరంలో ఉండగా వెనుదిరిగినారు. మరుసటి ఏడు మళ్ళీ వెళ్ళి శిఖరం చేరినారు. వెనుదిరిగిన ఆ ఏటి నిర్ణయమే పిల్లలకు ముందుగా చెప్పదగినదని మాకు తోచినది. ప్రమాదాన్ని దాచిపెట్టి పెంచిన బిడ్డకు దానిని గుర్తించడమెట్లాగో తెలియదు. పెద్దల కనుసన్నలలో, కొలతగా చూపించితే, ఎక్కడ ఆగవలెనో తెలుస్తుంది.

ఈ బడి పిల్లలకే పరిమితం కాదు. జంషెడ్‌పూర్ గృహిణి ప్రేమలతా అగర్వాల్ కుమార్తెలను టెన్నిస్ ఆటకై ఈ ప్రాంగణానికే తీసుకొని వచ్చేవారు. అప్పటికి ఆమె ముప్పై అయిదేళ్ళు దాటినవారు. దల్మా కొండ నడక పోటీలో పాల్గొనడంతో ఆమెలోని శక్తి బయటపడినది. బచేంద్రీ పాల్ శిక్షణలో ఆమె 2011 మే 20న, 48వ ఏట ఎవరెస్టు ఎక్కినారు. 2013లో ఏడు ఖండాల అత్యున్నత శిఖరాలనూ అధిరోహించిన తొలి భారత మహిళ అయినారు. రైలు దుర్ఘటనలో కాలు పోగొట్టుకొన్న అరుణిమా సిన్హా కూడా బచేంద్రీ పాల్ శిష్యురాలై 2013 మే 21న ఎవరెస్టు చేరుకొన్నారు. 2022లో యాభై దాటిన స్త్రీల బృందమొకటి బచేంద్రీ పాల్ వెంట మయన్మార్ సరిహద్దులోని పాంగ్‌సౌ కనుమ నుండి కార్గిల్ వరకు నడిచినది.

పట్టణానికి ఉత్తరాన, సువర్ణరేఖా నది ఆవల, దాదాపు మూడు వేల అడుగుల ఎత్తున దల్మా కొండ నిలిచి ఉన్నది. 1976 నుండి అది వన్యప్రాణి అభయారణ్యం, ఏనుగులకు నెలవు. అక్కడికి వెళ్ళేవారు గొంతు తగ్గించుకొనవలె, తెచ్చిన కాగితాన్ని తిరిగి సంచిలో వేసుకొనవలె. మనము అతిథులమే గాని యజమానులము కామని ఆ కొండ మౌనంగా బోధిస్తుంది.

మన తెలుగునేలపై ఇటువంటి పాఠానికి చోటు లేకపోలేదు. నిజామాబాద్ జిల్లా గిరిజన బాలిక మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లా యువకుడు సాధనపల్లి ఆనంద్‌కుమార్ సాంఘిక సంక్షేమ గురుకులాలలో చదువుతూ, భువనగిరి రాతికొండపై ఓనమాలు దిద్దుకొని, 2014 మే 25న టిబెట్ వైపు నుండి ఎవరెస్టు ఎక్కినారు. పూర్ణ వయసు అప్పటికి 13 సంవత్సరాల 11 నెలలు. ఆ కొండను బస్సులోనుండి ఎన్నోసార్లు చూసినవారము మనము.

అందరి పిల్లలూ ఎవరెస్టు ఎక్కనక్కరలేదు. అది ఈ విద్య లక్ష్యమూ కాదు. తన సంచి తాను మోయడం, వెనుకబడిన వానికై ఆగడం, ముడిని రెండుసార్లు చూడడం, ఆగవలసిన చోట ఆగడం—ఈ నాలుగూ అలవడితే చాలును. మన కాలనీ గోడకు అవతల కూడా ఏదో ఒక కొండో, చెరువుగట్టో ఉండనే ఉన్నది. రానున్న సెలవులలో మన పిల్లలను అక్కడికి నడిపించుకొని వెళ్దాము. పెద్దావిడ అడిగిన పూచీ మాత్రం పెద్దలమైన మనదే. తాడు చివర పట్టుకొని క్రింద నిలబడవలసినది మనమే.