మంచు దెబ్బ తిన్న లేత పొదలు

అమెరికా తూర్పు రాష్ట్రాల్లో మార్చిలో ఎండ కాస్త వెచ్చబడితే చాలు, పొదలు తొందరపడి చిగురిస్తాయి. ఏప్రిల్‌లో ఒక్క రాత్రి ఉష్ణోగ్రత సున్నా డిగ్రీల కిందికి దిగితే ఆ చిగుళ్లు మాడిపోతాయి. 2007 ఏప్రిల్ మొదట్లో జరిగింది ఇదే. అలాంటి రాత్రి గడిచి పొద్దెక్కేసరికి హైడ్రాంజియా అనే పూలపొద ఆకులు ఉడికించిన పాలకూరలా వేలాడి, ఒకటి రెండు రోజుల్లో నల్లబడతాయి.

అంతమాత్రాన పొద చచ్చినట్టు కాదు. మోడుగా కనిపించే కొమ్మ కిందిభాగంలో నిద్రాణంగా ఉన్న మొగ్గలు మళ్లీ చిగురించగలవు. అందుకే వెంటనే కత్తెర పట్టకూడదు. కొన్ని వారాలు ఓపిక పట్టి, బెరడును గోటితో గీరి చూడాలి. లోపల పచ్చగా ఉంటే ప్రాణముంది. గోధుమరంగుకు తిరిగి ఎండిపోయి ఉంటే లేదు. ఎండిన భాగాన్ని బతికున్న మొగ్గకు కాస్త పైన కత్తిరించాలి.

ఈలోగా మట్టి ఆరితే నీళ్లు పోయాలి. కాండానికి తగలకుండా చుట్టూ ఆకుచెత్త పరచాలి. నత్రజని ఎరువు వేస్తే పుట్టే లేత చిగురు మరో మంచుకు బలవుతుంది. మళ్లీ చలి సూచన ఉంటే సాయంత్రమే నేలను తాకేలా దుప్పటి కప్పి, ఉదయం తీసేయాలి.

పెద్దాకు హైడ్రాంజియా ఎక్కువగా నిరుటి కొమ్మలకే పూస్తుంది కనుక ఆ ఏడాది పూలు తగ్గుతాయి. కొత్త కొమ్మలకు పూసే పానికిల్ రకం మాత్రం వేసవిలో ఎప్పటిలా పూస్తుంది.