సైకిల్ ఇచ్చిన గురువు – రోమ్ ఒలింపిక్స్‌లో గోల్ కొట్టిన శిష్యుడు

హాస్టల్‌లో చదివే మాకు ఆటలంటే కబడ్డీ, వాలీబాల్, ఖోఖో. ఎదురుగా తిరుమల కొండ, కాళ్ల కింద కంకర. చెప్పులు పక్కన విడిచి వట్టి కాళ్లతోనే ఆడతాం. ఫుట్‌బాల్ మాత్రం టీవీలో చూసే విదేశీ ఆట అనుకుంటాం. కానీ సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో 1936లో ఓ పేద ఇంట పుట్టిన కుర్రాడు ఒలింపిక్స్‌లో గోల్స్ కొట్టాడని మాలో ఎంతమందికి తెలుసు? ఆయనే తులసీదాస్ బలరాం.

ఆ రోజుల్లో హైదరాబాద్ ఫుట్‌బాల్‌కు పెద్ద దిక్కు కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం. వృత్తిరీత్యా ఆయన ఉపాధ్యాయుడు. బలరాం ఆట చూసి ముచ్చటపడి శిక్షణకు రమ్మన్నారు. రోజూ హైదరాబాద్ వచ్చిపోవడానికి డబ్బుల్లేవన్నాడు కుర్రాడు. రహీం సారు సైకిల్ ఏర్పాటు చేశారు. అంతే! ఆ సైకిల్ ప్రయాణం ఎంత దూరం పోయిందో చూడండి.

1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం సాధించిన భారత జట్టులో బలరాం ఉన్నారు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో బలమైన హంగరీతో మనవాళ్లు 1-2 తేడాతో ఓడారు. ఆ ఒక్క గోల్ బలరాందే. పెరూ మీద గోల్ కూడా ఆయనదే. 1961లో కలకత్తా ఈస్ట్ బెంగాల్ క్లబ్బుకు కెప్టెన్ అయ్యారు. 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి బంగారు పతకం తెచ్చిన జట్టులోనూ ఆయన ఉన్నారు. ఆ జట్టు కోచ్ మళ్లీ రహీం సారే!

తర్వాత విధి వెక్కిరించింది. ఊపిరితిత్తుల జబ్బుతో 1963లో, ఇరవై ఏడేళ్లకే బలరాం ఆట ఆగిపోయింది. అదే ఏడాది రహీం సారు క్యాన్సర్‌తో కన్నుమూశారు. బలరాంతో కలిసి ఆడిన పి.కె. బెనర్జీ, చునీ గోస్వామిలకు పద్మశ్రీ వచ్చింది. బలరాంకు అర్జున అవార్డు దక్కినా పద్మశ్రీ మాత్రం రాలేదు. 2023 ఫిబ్రవరి 16న కోల్‌కతాలో ఆయన వెళ్లిపోయారు. 1960 తర్వాత మన పురుషుల ఫుట్‌బాల్ జట్టు ఒలింపిక్స్ గడప తొక్కలేదు.

మిత్రులారా! సెలక్షన్స్‌కు పేరు వచ్చి కూడా బస్సు చార్జీల్లేక గదిలోనే కూర్చుండిపోయిన వాళ్లు మాలో ఉన్నారు. వాళ్లకు ఆట రాక కాదు, ఆ రోజు అడిగేవాళ్లు లేక.

అందుకే వార్షికోత్సవానికి వచ్చే పూర్వ విద్యార్థి అన్నలను, అక్కలను ఒక్కటే కోరుతున్నాం. ఆటలకు పోయే తమ్ముళ్ల, చెల్లెళ్ల చార్జీల కోసం ఒక చిన్న నిధి పెడదాం. ఈ ఏడాది డిగ్రీలు పూర్తి చేసుకుని పోతున్న మేము కూడా మొదటి జీతంలో మా వంతు వేస్తాం. పద్మశ్రీలు ఇవ్వడం మన చేతిలో లేదు. సైకిల్ ఇవ్వడం మన చేతిలో ఉంది.