వాగుకెక్కిన మందు!

హైదరాబాద్‌ నుంచి ముంబయి రోడ్డు మీద దాదాపు 30 కిలోమీటర్లు వెళితే పటాన్‌చెరు వస్తుంది. అక్కడి ఇస్కవాగు నక్కవాగులో, నక్కవాగు మంజీరలో కలుస్తాయి. దాదాపు 90 మందుల కంపెనీల వ్యర్థజలాలు చేరే ఉమ్మడి శుద్ధికేంద్రం నీళ్లు ఒకప్పుడు ఈ ఇస్కవాగులోకే వచ్చేవి.

2007లో వెలువడిన స్వీడన్‌ పరిశోధకుల అధ్యయనం ఆ నీళ్ల గుట్టు విప్పింది. శుద్ధి అయ్యాక కూడా లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్‌! ఆ మాత్ర మింగిన రోగి రక్తంలో కూడా అంత ఉండదు. అలాంటి నీళ్లలో బతకడం నేర్చిన బ్యాక్టీరియా రేపు మనిషికి సోకితే ఆ మందుకు లొంగదు.

మామూలు శుద్ధికేంద్రాల్లో మురుగును తినేదీ బ్యాక్టీరియానే. దాన్ని చంపే మందే నీళ్లలో ఉంటే పని సాగేదెలా? అక్కడే బొగ్గు అక్కరకొస్తుంది. కొబ్బరి చిప్పలను కాల్చి, ఆవిరి పట్టించి చేసే ఈ బొగ్గు నిండా కంటికి కనిపించని రంధ్రాలే. ఒక్క గ్రాములోని రంధ్రాల గోడలన్నీ విప్పి పరిస్తే దాదాపు వెయ్యి చదరపు మీటర్లు! మందు అణువులు ఆ గోడలకు అతుక్కుంటాయి. నీళ్లు ముందుకు సాగిపోతాయి.

అయితే, బొగ్గు మందును పట్టుకుంటుందే తప్ప చంపదు. రంధ్రాలు నిండాక దాన్ని కొలిమిలో అధిక వేడికి కాల్చాల్సిందే. ఖర్చెందుకని ఏ చెరువు గట్టునో పారబోస్తే... వానలకు ఆ మందు మళ్లీ వాగు బాట పడుతుంది.